నార్వే రైతులు అమెరికాలో ఇన్ని లూథరన్ కళాశాలలు ఎందుకు స్థాపించారు?

నమస్కారం. మీ అమ్మాయికి మిన్నెసోటాలోని ఒక చిన్న కళాశాలలో సీటు వచ్చిందనీ, దాని చరిత్ర చదవబోతే నార్వే నుంచి వలస వచ్చిన రైతులు దాన్ని స్థాపించినట్టు కనిపించిందనీ రాస్తూ మీరు మూడు సంగతులు అడిగారు. చేతిలో పైసా లేకుండా ఓడ దిగిన రైతులు కళాశాలలు ఎలా పెట్టగలిగారు? ఒకే భాష, ఒకే మతం గల ఆ కాస్త జనానికి ఒకటి చాలక ఇన్ని ఎందుకు కావలసి వచ్చాయి? వీరికీ మన గుంటూరు లూథరన్లకూ ఏమైనా సంబంధం ఉందా? నేను మిన్నెసోటాలో ఇరవై ఏళ్లకు పైగా గ్రంథాలయ ఉద్యోగం చేశాను. నార్వే సంఘాల పాత రికార్డులను వరుసలో పెట్టి పట్టికలు రాసే పని చాలాకాలం నా వంతుకు వచ్చింది. ఆ పనిలో తెలిసినదాన్ని మీకు వివరంగా చెబుతాను.

మూడో ప్రశ్నకు జవాబు చిన్నది కాబట్టి దానితో మొదలుపెడతాను. గుంటూరు లూథరన్ సంఘం నార్వే వారిది కాదు. 1842 జులై 31న గుంటూరు చేరిన ఫాదర్ హైయర్ జర్మనీలో పుట్టి పెన్సిల్వేనియాకు చెందిన పాస్టరుగా పనిచేసినవాడు. 1885లో మొదలైన గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల కూడా ఆ జర్మన్ మూలాల అమెరికన్ లూథరన్ల పూనికే. నార్వే వారి మిషనరీ పని మన దేశంలో ఎక్కువగా సంతాల్ పరగణాలలో సాగింది. అయితే ఒక చోట మాత్రం ఈ రెండు కథలూ పక్కపక్కన నడిచాయి. హైయర్ 1857లో ఇక్కడి నుంచి తిరిగి వెళ్లి మిన్నెసోటాలోని సెయింట్ పాల్ పట్టణంలో స్థిరపడ్డాడు, 1860లో ఏర్పడిన మిన్నెసోటా లూథరన్ సంఘాల సమాఖ్యకు, అంటే మిన్నెసోటా సినడ్‌కు తొలి అధ్యక్షుడయ్యాడు, మళ్లీ 76వ ఏట ఓడెక్కి రాజమండ్రికి వచ్చాడు. ఆయన సెయింట్ పాల్‌లో ఉన్న రోజుల్లోనే, 1859లో, అదే రాష్ట్రంలో దక్షిణాన ఉన్న హోల్డెన్ అనే పల్లెకు బెర్న్‌ట్ జూలియస్ మూస్ అనే నార్వే పాస్టరు వచ్చి దిగాడు. సెయింట్ ఒలాఫ్ కళాశాల కథ ఆయనతోనే మొదలవుతుంది.

ఇక అసలు విషయం. ఈ కళాశాలలు డబ్బు మిగిలి పెట్టినవి కావు. పాస్టర్లు దొరకక పెట్టినవి. అవి ఒకటికి పదిగా పెరగడానికి కారణం మాత్రం ఆ జనం తమలో తాము పడిన వాదాలే. సంఘం ఎవరిది, పాస్టరుదా విశ్వాసులదా. చదువు ఎవరి కోసం, పాస్టర్ల కోసమా రైతుబిడ్డలందరి కోసమా. దేవుడు మనిషిని ఎన్నుకోవడం ఎలా జరుగుతుంది. వీటి మీద వారు విడిపోయారు, విడిపోయిన ప్రతి వర్గమూ ముందుగా చేసిన పని ఒక బడి పెట్టుకోవడం. కొందరు చరిత్రకారులు ఈ వాదాలను చిల్లర తగాదాలన్నట్టు రెండు వాక్యాలలో దాటేస్తారు. నాకు అది న్యాయంగా తోచదు, ఎందుకంటే ఆ వాదాలను తీసేస్తే ఈ కళాశాలల్లో సగం ఎందుకు పుట్టాయో చెప్పడానికి ఏమీ మిగలదు.

మొదట నార్వే రైతు సంగతి చూడాలి. మనం పేద రైతు అనగానే నిరక్షరాస్యుడని ఊహించుకుంటాము. అక్కడ అలా లేదు. డెన్మార్క్ రాజు ఏలుబడిలో ఉన్న నార్వేలో 1736లో కన్ఫర్మేషన్‌ను (బాప్తిస్మం పొందిన పిల్లలు పెద్దయ్యాక తమ విశ్వాసాన్ని సంఘం ముందు ధ్రువపరచడాన్ని) అందరికీ తప్పనిసరి చేశారు, దానికి పిల్లలను సిద్ధం చేయడానికి 1739లో గ్రామీణ బడుల చట్టం తెచ్చారు. పిల్లవాడు పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో సంఘం మధ్య నిలబడి లూథర్ చిన్న ప్రశ్నోత్తరికి జవాబులు చెప్పాలి. చెప్పలేకపోతే కన్ఫర్మేషన్ లేదు, అది లేకపోతే పెళ్లి కూడా కుదరదు. ఆ ప్రశ్నోత్తరికి తోడుగా, తర్వాతి కాలంలో బెర్గెన్ బిషప్ అయిన ఎరిక్ పొంటొపిడాన్ 1737లో రాసిన వివరణ ఒకటి ఉండేది. వందల ప్రశ్నలూ జవాబులూ ఉన్న ఆ పుస్తకాన్ని మన పెద్దలు శతకాలు కంఠస్థం చేసినట్టు పల్లె పిల్లలు తరాల తరబడి వల్లె వేశారు. అందువల్ల అమెరికాకు వచ్చిన రైతుకు పొలం లేకపోవచ్చు, చదవడం వచ్చు, వేదాంత చర్చలో పాస్టరును నిలదీసే సరుకు కూడా ఉంది. ఈ పుస్తకాన్ని గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాము.

నార్వే నుంచి సంఘటితంగా మొదటి వలస 1825లో జరిగింది. ఆ ఏడాది జులైలో స్టావాంగర్ రేవు నుంచి రెస్టోరాషన్ అనే చిన్న నావ 52 మందితో బయలుదేరి, దారిలో పుట్టిన ఒక పసిబిడ్డతో కలిపి 53 మందిని అక్టోబరులో న్యూయార్క్ చేర్చింది. ఆ తర్వాతి వందేళ్లలో సుమారు ఎనిమిది లక్షల మంది వచ్చారు. 1801 నాటికి ఆ దేశపు మొత్తం జనాభా తొమ్మిది లక్షలకు లోపే అని గుర్తుంచుకుంటే ఆ వలస ఎంత పెద్దదో తెలుస్తుంది. వచ్చినవారిలో రెండు స్వభావాలు ఉండేవి. ఒకరు నార్వే రాజ్య సంఘపు (ప్రభుత్వ చర్చి) పద్ధతిని, విశ్వవిద్యాలయంలో చదివిన పాస్టరును, అంగీని, ఆరాధన క్రమాన్ని కోరుకునేవారు. రెండోవారు హాన్స్ నీల్సన్ హౌగె బాటలో నడిచేవారు. హౌగె రైతుబిడ్డ. పాస్టరు అనుమతి లేకుండా సామాన్యులు కూడి బోధించుకోవడాన్ని నిషేధించిన 1741 నాటి శాసనం కింద ఏళ్ల తరబడి జైలులో ఉన్నాడు. ఆ శాసనం 1842 దాకా రద్దు కాలేదు. హౌగె అనుయాయి ఎలింగ్ ఐయెల్సన్ 1839లో అమెరికా వచ్చి ఊరూరా బోధించాడు. రాజ్య సంఘపు పద్ధతివారు 1853లో నార్వీజియన్ సినడ్‌గా ఏర్పడ్డారు. ఒకే ఊళ్లో రెండు చర్చిలు ఎదురెదురుగా వెలిసిన సందర్భాలు ఈ చీలిక నుంచి వచ్చినవే.

సినడ్ పాస్టర్లు క్రిస్టియానియాలో, అంటే నేటి ఓస్లోలో, విశ్వవిద్యాలయ చదువు చదివినవారు. అక్కడ సుఖంగా ఉండే ఉద్యోగం వదిలి విస్కాన్సిన్ అడవుల్లోకి వచ్చేవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఇక్కడ చూస్తే ఏటా కొత్త ఊళ్లు వెలుస్తున్నాయి, ఒక్కొక్క పాస్టరు గుర్రపు బండి మీద నలభై, యాభై మైళ్లు తిరుగుతూ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు జరిపిస్తున్నాడు. పాస్టర్లను ఇక్కడే తయారుచేసుకోవడం తప్ప మార్గం లేదని తేలింది. 1857లో ఓటెసన్, బ్రాండ్ అనే ఇద్దరు పాస్టర్లను అమెరికాలో అప్పటికే ఉన్న లూథరన్ సెమినరీలను, అంటే పాస్టర్లను తయారుచేసే విద్యాలయాలను, చూసి రమ్మని పంపారు. వారు సెయింట్ లూయిస్‌లోని జర్మన్ మిస్సోరీ సినడ్ వారి కాంకోర్డియా సెమినరీని మెచ్చుకున్నారు. తమ విద్యార్థులను అక్కడికి పంపి, తమ తరఫున ఒక ఆచార్యుణ్ని అక్కడ నియమించాలని నిర్ణయించారు. 1859లో ఆ పదవికి లౌర్ లార్సన్ వెళ్లాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు. సొంత కళాశాల కోసం రైతుల దగ్గర చందాలు పోగుచేయడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది.

ఆ ఏర్పాటు రెండేళ్లు కూడా నిలవలేదు. సెయింట్ లూయిస్ ఉన్నది బానిసత్వం అమలులో ఉన్న రాష్ట్రంలో. మిస్సోరీ సినడ్ ఆచార్యులు బానిసత్వం బైబిలు ప్రకారం దానంతట అది పాపం కాదని బోధించేవారు. 1861లో అంతర్యుద్ధం మొదలై సెమినరీ మూతపడింది, నార్వే విద్యార్థులు ఇళ్లకు వచ్చేశారు. నార్వే భాషలో వెలువడే ఎమిగ్రాంటెన్ పత్రిక, మన పిల్లలకు అక్కడ ఏమి నేర్పుతున్నారో చెప్పమని లార్సన్‌ను బహిరంగంగా అడిగింది. ఆయన జవాబు మిస్సోరీ వారి మాటకు దగ్గరగానే ఉంది. ఆ జూన్‌లో జరిగిన సినడ్ సమావేశంలో పాస్టర్లు ఒక ప్రకటన చేశారు. బానిసత్వం ఒక కీడు, దాని రద్దు కోసం పనిచేయవచ్చు, కానీ బానిసను కలిగి ఉండడం దానంతట అది పాపం కాదు అన్నది దాని సారాంశం. రైతులు దాన్ని ఒప్పుకోలేదు. తమ కొడుకులు అప్పటికే లింకన్ సైన్యంలో చేరుతున్నారు. ఆ ప్రకటన మీద సంతకం చేసిన క్లాస్ క్లాసెన్ అనే పాస్టరు తర్వాత తన సంతకాన్ని వెనక్కు తీసుకున్నాడు, స్కాండినేవియన్లతో ఏర్పడిన 15వ విస్కాన్సిన్ రెజిమెంటుకు సైనికుల పాస్టరుగా, అంటే చాప్లిన్‌గా వెళ్లాడు, 1868లో సినడ్‌నే వదిలేశాడు. పాస్టర్లు తమ మాట మీద నిలబడ్డారు. కానీ సెయింట్ లూయిస్‌కు పిల్లలను తిరిగి పంపే వీలు లేదు కనుక సొంత కళాశాలను వెంటనే తెరవాలని అదే సమావేశం తీర్మానించింది. లూథర్ కళాశాల పుట్టుక ఇది. ఆ కళాశాల తన స్థాపన గురించి చెప్పుకునేటప్పుడు పాస్టర్ల దూరదృష్టిని ఎంత గుర్తుచేసుకోవాలో, బానిసత్వాన్ని సమర్థించే మాటను సహించని రైతుల పట్టుదలను అంతే గుర్తుచేసుకోవాలని నా అభిప్రాయం.

1861 శరదృతువులో విస్కాన్సిన్‌లో లా క్రాస్‌కు ఉత్తరాన హాఫ్‌వే క్రీక్ అనే చోట ఖాళీగా ఉన్న పాస్టరు ఇంట్లో తరగతులు మొదలయ్యాయి. విద్యార్థులు 16 మంది, ఉపాధ్యాయులు ఇద్దరు. అదే ఇంట్లో లార్సన్ కుటుంబం కాపురం, అదే ఇంట్లో పాఠాలు, అదే ఇంట్లో విద్యార్థుల పడక. రెండో ఉపాధ్యాయుడు ఫ్రెడ్రిక్ ఆగస్ట్ ష్మిట్ నార్వే వాడు కాదు, జర్మన్. నార్వే భాష నేర్చుకుని మరీ వచ్చి చేరినవాడు. ఈయన పేరు కూడా గుర్తుంచుకోండి. మరుసటి ఏడాది బడిని అయోవాలోని డెకోరా పట్టణానికి మార్చారు. దాని సమీపంలో వాషింగ్టన్ ప్రెయిరీలో 1853 నుంచి పాస్టరుగా ఉన్న విల్హెల్మ్ కోరెన్ కళాశాల కోసం అక్కడ స్థలం కొని పెట్టాడు. యుద్ధకాలంలో ఇటుక, కలప, కూలి అన్నీ మండిపోతున్నా కట్టడం ఆపలేదు. 1865 అక్టోబరు 14న ప్రధాన భవనాన్ని ప్రతిష్ఠించినప్పుడు బండ్లు కట్టుకుని వేల మంది వచ్చారు.

ఆ భవనం 1889లో కాలిపోయింది, రైతులే మళ్లీ చందాలు వేసుకుని మరుసటి ఏటికి తిరిగి కట్టారు. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఈ చందాలలోనే ఉంది. నేను పని చేసిన రోజుల్లో ఒక పల్లె సంఘపు చందా పుస్తకం చేతికి వచ్చింది. ఎడమ వైపు రైతు పేరు, దాని పక్కన అతను నార్వేలో వదిలి వచ్చిన పొలం పేరు, కుడి వైపు ఇస్తానన్న మొత్తం. ఎక్కువగా అయిదు డాలర్లు, పది డాలర్లు. కొన్ని పేర్ల పక్కన కోతల తర్వాత అని రాసి ఉంది. అంటే గోధుమ అమ్ముడైతేనే డబ్బు. వందల సంఘాల నుంచి ఇలా వచ్చిన చిన్న మొత్తాలే పెద్ద భవనాలయ్యాయి. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల పొలం పొందిన రైతుకు నగదు కనపడేది ఏడాదికి ఒక్కసారి. స్త్రీలు క్వినెఫోరెనింగ్ అనే మహిళా సంఘాలు పెట్టుకుని, కుట్టినవీ అల్లినవీ వేలం వేసి, వచ్చిన సొమ్మును మిషన్లకూ సంఘపు బడులకూ ఇచ్చేవారు. సినడ్ సమావేశాలలో ఓటు లేని స్త్రీల చేతి పని ఈ కళాశాలల గోడల్లో ఎంత ఉందో ఎవరూ సరిగా లెక్క కట్టలేదు.

లార్సన్ నడిపిన లూథర్ కళాశాల నార్వే లాటిన్ పాఠశాలకు నకలు. లాటిన్, గ్రీకు, జర్మన్, నార్వీజియన్, ఇంగ్లీషు, క్రమశిక్షణ, మగపిల్లలు మాత్రమే. ఆయన 1902 వరకు, అంటే 41 ఏళ్లు అధ్యక్షుడిగా ఉన్నాడు. హాఫ్‌వే క్రీక్‌లో చేరిన తొలి విద్యార్థులలో ఒకడైన రాస్మస్ ఆండర్సన్ ఆ క్రమశిక్షణ మీద తిరుగుబాటుకు నాయకత్వం వహించి బహిష్కరణకు గురయ్యాడు. ఆయనే తర్వాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో స్కాండినేవియన్ భాషల ఆచార్యుడై పేరు తెచ్చుకున్నాడు. సినడ్ పాస్టర్లు అమెరికన్ ప్రభుత్వ బడుల్లో దైవభక్తి లేదనీ పిల్లలను సంఘపు బడులకే పంపాలనీ అంటే, ఆండర్సన్ వంటివారు ఊళ్లో బడి అందరితో కలిసి చదివే ఇంగ్లీషు బడే కావాలని పత్రికల్లో ఏళ్ల తరబడి పోరాడారు. రైతుల్లో ఎక్కువమంది ఆచరణలో ప్రభుత్వ బడినే ఎంచుకున్నారు, వేసవి సెలవుల్లో మాత్రం పిల్లలను నార్వే భాషలో ప్రశ్నోత్తరి నేర్పే బడికి పంపారు. ప్రాథమిక విద్యలో పాస్టర్లు ఓడిపోవడం వల్లనే వారి శక్తి అంతా పై చదువుల వైపు మళ్లిందని నేను అనుకుంటాను.

రెండో కళాశాల కథ ఒక చీలికతో మొదలవుతుంది. నార్వీజియన్ సినడ్‌లో చేరని కొందరు నార్వే వారు 1860లో స్వీడన్ వారితో కలిసి స్కాండినేవియన్ ఆగస్టానా సినడ్ ఏర్పరచుకున్నారు, షికాగోలో సెమినరీ పెట్టారు. స్వీడన్ వారి సంఖ్య పెరిగేకొద్దీ తమ భాషకూ తమ ఆచార్యులకూ చోటు తగ్గుతోందని నార్వే వారికి అనిపించింది. 1869లో ఆగస్ట్ వేనాస్ నాయకత్వంలో నార్వే విద్యార్థులు విడిగా విస్కాన్సిన్‌లోని మార్షల్ అనే ఊరికి వచ్చి ఆగ్స్‌బర్గ్ సెమినరీ మొదలుపెట్టారు. మరుసటి ఏడాది సినడ్ అధికారికంగా చీలింది. చీలినవారు కూడా వెంటనే రెండు వర్గాలయ్యారు. మార్షల్‌లోని భవనం ఒక వర్గానికి దక్కింది, వేనాస్ తన విద్యార్థులతో అద్దెకు తీసుకున్న ఇంటి అటకలో ఆ చలికాలం గడిపాడు. ఆయన వెంట ఉన్న వర్గం కాన్ఫరెన్స్ అనే పేరుతో కొత్త సంఘమైంది, దానికి తొలి అధ్యక్షుడు మరెవరో కాదు, బానిసత్వం ప్రకటన మీది సంతకం వెనక్కు తీసుకున్న క్లాసెనే. ఆగ్స్‌బర్గ్ 1872లో మినియాపోలిస్ చేరి అక్కడే స్థిరపడింది. మార్షల్‌లో మిగిలిన మరో బడి మాత్రం బెలాయిట్, కాంటన్ ఊళ్ల మీదుగా తిరిగి తిరిగి 1918లో సౌత్ డకోటాలోని సూ ఫాల్స్ చేరింది. నేటి ఆగస్టానా విశ్వవిద్యాలయం అదే.

ఆగ్స్‌బర్గ్‌కు రూపం ఇచ్చినది 1870లలో నార్వే నుంచి వచ్చిన స్వెన్ ఊఫ్‌టెడాల్, గియోర్గ్ స్వెర్డ్రుప్ అనే ఇద్దరు ఆచార్యులు. లాటిన్ పాఠశాల చదువు పాస్టరును రైతుకు దూరం చేస్తుందని వారి వాదం. పాస్టరు తన సంఘంలో ఒకడిగా ఉండాలి, పై అధికారిగా కాదు, అందుకని కళాశాల చదువూ సెమినరీ చదువూ ఒకే గొలుసుగా, బైబిలు కేంద్రంగా ఉండాలి అన్నారు. ఈ ఇద్దరూ చదువుకున్న పెద్ద కుటుంబాలవారు, అయినా హౌగె అనుయాయుల మాటను విశ్వవిద్యాలయపు భాషలో చెప్పగలిగారు. నేను చూసినంతలో ఈ కళాశాలలన్నిటిలోనూ విద్య గురించి సొంతంగా ఆలోచించిన మనిషి స్వెర్డ్రుప్.

మూడోది మూస్ పాస్టరు పెట్టినది. లూథర్ కళాశాల పాస్టర్లు కాబోయేవారికి సరిపోతుంది, మరి పొలం చేసుకునేవాడికి, దుకాణం నడిపేవాడికి, బడిపంతులు కావాలనుకునే అమ్మాయికి ఏది? ఈ ప్రశ్నతో ఆయన 1869లో హోల్డెన్‌లో ఒక చిన్న బడి పెట్టి చూశాడు, అది నిలవలేదు. తర్వాత నార్త్‌ఫీల్డ్ పట్టణంలో హారల్డ్ థోర్సన్ అనే నార్వే వర్తకుడు ముందుకు వచ్చాడు. 1874 నవంబరు 6న ఒక పాస్టరు, ఒక వర్తకుడు, ముగ్గురు రైతులు కలిసి సెయింట్ ఒలాఫ్ స్కూల్ పత్రాల మీద సంతకాలు చేశారు. పదిహేనేళ్లు దాటినవారికి చదువు చెప్పడం, వారిని లూథరన్ విశ్వాసంలో నిలపడం దాని ఉద్దేశం. పట్టణంలో రెండు పాత బడి భవనాలు కొని 1875 జనవరి 8న తరగతులు మొదలుపెట్టారు. మొదటి రోజు 36 మంది వచ్చారు, ఆడపిల్లలకు తొలి నాటి నుంచే ప్రవేశం ఉంది. ప్రిన్సిపాల్ థోర్బ్యోర్న్ మూన్ లూథర్ కళాశాలలో చదివినవాడే. అదే ఊళ్లో కాంగ్రిగేషనల్ వారి కార్ల్‌టన్ కళాశాల 1866 నుంచి ఉంది. 1878లో గుట్ట మీద సెయింట్ ఒలాఫ్ మొదటి పెద్ద భవనం లేచినప్పుడు చుట్టుపక్కల గుడ్‌హ్యూ, రైస్ కౌంటీల నార్వే రైతులకు తమ పిల్లలూ ఎత్తు మీద చదువుతున్నారన్న తృప్తి కలిగింది.

ఇప్పుడు పొంటొపిడాన్ పుస్తకానికి వద్దాము. 1880లలో నార్వీజియన్ సినడ్‌ను చీల్చిన వాదం దేవుని ఎన్నిక గురించి. దేవుడు మనిషిని రక్షణకు ఎన్నుకునేది అతనిలో విశ్వాసం కలుగుతుందని ముందే చూసి ఎన్నుకోవడమా, లేక ఏ కారణమూ లేని కృప వల్ల మాత్రమేనా? మిస్సోరీ సినడ్ పెద్ద వాల్తర్ రెండోది అన్నాడు, నార్వీజియన్ సినడ్ నాయకులు ఆయన వెంట నిలిచారు. కానీ పొంటొపిడాన్ వివరణలో 548వ ప్రశ్నకు జవాబు మొదటిది చెబుతోంది. చిన్ననాడు సంఘం ముందు నిలబడి ఆ జవాబు అప్పజెప్పిన రైతుకు, ఇన్నేళ్ల తర్వాత పాస్టరు వచ్చి అది సరికాదంటే ఎలా ఉంటుంది? దాన్ని తన తల్లిదండ్రుల విశ్వాసాన్ని తప్పుపట్టినట్టుగా తీసుకున్నాడు. ఆ రైతుల పక్షాన నిలబడి కలం పట్టినది ఎవరనుకున్నారు? హాఫ్‌వే క్రీక్‌లో లార్సన్ పక్కన పాఠాలు చెప్పిన జర్మన్, ష్మిట్. సినడ్‌లో మూడో వంతు జనం బయటికి వచ్చి మిస్సోరీ వ్యతిరేక సహోదర సంఘంగా ఏర్పడ్డారు. మూస్, మూన్ ఇద్దరూ వారి వైపే. లూథర్ కళాశాల అవతలి వారి చేతిలో ఉంది కాబట్టి వీరికి కళాశాల కావాలి. అలా 1886లో సెయింట్ ఒలాఫ్ స్కూల్‌లో కళాశాల తరగతులు మొదలయ్యాయి, ష్మిట్ వేదాంతం చెప్పడానికి నార్త్‌ఫీల్డ్ వచ్చాడు, 1889లో పేరు సెయింట్ ఒలాఫ్ కళాశాల అయింది. ఒక ప్రశ్నోత్తరిలోని ఒక జవాబు ఒక ఉన్నత పాఠశాలను కళాశాలను చేసిందంటే అతిశయోక్తి కాదు.

ఏకం కావడానికి చేసిన ప్రయత్నం కూడా మరో చీలికకు దారితీసింది. 1890లో మూడు వర్గాలు కలిసి యునైటెడ్ నార్వీజియన్ లూథరన్ చర్చిగా ఏర్పడ్డాయి. కళాశాల సెయింట్ ఒలాఫ్, సెమినరీ ఆగ్స్‌బర్గ్ అని కొందరు తలచారు. కళాశాలనూ సెమినరీనీ విడదీయడమే తప్పన్నది స్వెర్డ్రుప్ మొదటి నుంచీ చెబుతున్న మాట కదా. ఆయన, ఊఫ్‌టెడాల్ ఆగ్స్‌బర్గ్ ఆస్తిని కొత్త సంఘానికి అప్పగించడానికి ఒప్పుకోలేదు. శాంతి కోసమని 1893లో సంఘం సెయింట్ ఒలాఫ్‌ను వదిలేసింది, కళాశాల కొన్నేళ్లు దిక్కులేనిదై చందాల మీద బతికింది. శాంతి మాత్రం రాలేదు. వ్యవహారం కోర్టుకు ఎక్కింది. 1897లో ఆగ్స్‌బర్గ్ మిత్రులు లూథరన్ ఫ్రీ చర్చి పెట్టుకున్నారు, ఆగ్స్‌బర్గ్ వారికే మిగిలింది. 1899లో సెయింట్ ఒలాఫ్‌ను సంఘం తిరిగి తన కళాశాలగా స్వీకరించింది. ఈ రెండు కళాశాలల మధ్య దూరం నలభై మైళ్లకు కాస్త ఎక్కువ. మ్యాపులో అవి అంత దగ్గరగా ఎందుకున్నాయని మీకు అనిపించవచ్చు. కారణం ఇదే.

1890లలో వరుసగా మరికొన్ని వచ్చాయి. మిన్నెసోటా పశ్చిమపు అంచున మూర్‌హెడ్‌లో ఎపిస్కోపల్ వారి బిషప్ విపుల్ పాఠశాల మూతపడితే, నార్వే పాస్టర్లూ వర్తకులూ ఒక సంఘంగా ఏర్పడి ఆ భవనాన్ని కొని 1891లో కాంకోర్డియా ప్రారంభించారు. హౌగె అనుయాయులకు 1879 నుంచే రెడ్ వింగ్‌లో సెమినరీ ఉంది. పసిఫిక్ తీరంలో టకోమా దగ్గర బ్యుగ్ హార్‌స్టాడ్ అనే పాస్టరు 1890లో పసిఫిక్ లూథరన్‌కు పూనుకున్నాడు. చుట్టూ స్థలాలు అమ్మి ఆ సొమ్ముతో భవనం కట్టాలన్నది ఆలోచన. 1893లో దేశమంతటా బ్యాంకులు కూలి స్థలాలు కొనేవారు లేకపోయారు. ఎలాగో 1894 అక్టోబరులో తెరిచారు, అప్పు మాత్రం మెడ మీద ఉండిపోయింది. 1898లో హార్‌స్టాడ్ ఆ అప్పు తీర్చడానికి బంగారం వెతుక్కుంటూ కెనడాలోని క్లాండైక్ వెళ్లాడు. ఆ వయసులో, ఆ మంచులో, పారతో పలుగుతో. ఉత్త చేతులతో తిరిగివచ్చి మళ్లీ చందాల పుస్తకం పట్టుకున్నాడు. నాకు ఈ కథలన్నిటిలో ఎక్కువగా మనసుకు పట్టినది ఈయనదే.

ఇవి కాక అకాడమీలు అనే చిన్న బడులు డజన్ల కొద్దీ వెలిశాయి. 1883లో విల్మార్‌లో మొదలైనది వాటిలో పేరున్నది. కోతలయ్యాక చలికాలంలో వచ్చి ఇంగ్లీషు, పద్దులు రాయడం, లెక్కలు నేర్చుకుని విత్తనాల వేళకు పొలానికి వెళ్లిపోయే యువకులు వీటిని నింపేవారు. పల్లెల్లో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు వచ్చాక వీటి అవసరం తీరిపోయింది, విల్మార్ బడి కూడా 1919లో మూతపడింది. ఆడపిల్లల కోసం 1894లో రెడ్ వింగ్‌లో ప్రత్యేకంగా లేడీస్ సెమినరీ పెట్టారు, 1920లో అగ్నిప్రమాదంతో అది ముగిసింది. సెయింట్ ఒలాఫ్‌లో 1893లోనే ఆగ్నెస్ మెల్బీ డిగ్రీ పొందిన తొలి మహిళ అయితే, లూథర్ కళాశాల ఆడపిల్లలకు తలుపులు తెరిచింది 1936లో. అరవై ఏళ్ల ముందు మూస్ అడిగిన ప్రశ్నకు డెకోరా జవాబు చెప్పడానికి అంతకాలం పట్టింది.

భాష సంగతి కూడా చెప్పాలి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో 1918 మేలో అయోవా గవర్నరు బహిరంగ ప్రదేశాలలో, బడులలో, ఆరాధనలో, ఆఖరికి టెలిఫోనులో కూడా ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడకూడదని ప్రకటన చేశాడు. లూథర్ కళాశాల ఉన్నది ఆ రాష్ట్రంలోనే. సరిగ్గా ఏడాది ముందు, 1917లో, యునైటెడ్ చర్చి, నార్వీజియన్ సినడ్, హౌగె సినడ్ మూడూ కలిసి ఒకే సంఘం అయ్యాయి. ఎన్నిక సిద్ధాంతం మీద ఇరుపక్షాలూ ఒప్పుకునే మాట ఒకటి అంతకు ముందే కుదిరింది. దాన్ని ఒప్పుకోని కొద్దిమంది మరుసటి ఏడాది విడిగా చిన్న సినడ్ పెట్టుకున్నారు, 1927లో మాంకాటోలోని బెతనీ కళాశాలను తీసుకున్నారు. ఏకమైన సంఘానికి ఒక్కసారిగా అవసరానికి మించి కళాశాలలు మిగిలాయి. 1932లో రెడ్ వింగ్ సెమినరీని సెయింట్ ఒలాఫ్‌లో కలిపేశారు. నిలిచినవి ఏవంటే, వెనుక ఒక పెద్ద ఊరో రైలు కూడలో ఉన్నవి, లేదా నలభై ఏళ్లుగా పట్టభద్రులను తయారుచేసి వారి పిల్లలను మళ్లీ రప్పించుకోగలిగినవి. వాదంలో ఎవరిది ఒప్పో అన్నదానికీ ఏ కళాశాల బతికిందో అన్నదానికీ సంబంధం లేదు.

మీరు అమ్మాయిని చేర్చడానికి వస్తున్నారు కనుక రెండు చోట్లు చూడమని చెబుతాను. నార్త్‌ఫీల్డ్‌లో సెయింట్ ఒలాఫ్ ప్రాంగణంలో 1925లో స్థాపించిన నార్వీజియన్ అమెరికన్ చరిత్ర సంఘం ఉంది. అక్కడి నుంచి కారులో మూడు గంటల లోపు ప్రయాణం చేస్తే డెకోరా వస్తుంది. అక్కడ లూథర్ కళాశాల 1877లో వలస జనం వస్తువులు సేకరించడంతో మొదలై ఇప్పుడు విడి సంస్థగా ఉన్న వెస్టర్‌హైమ్ మ్యూజియం ఉంది. లోపల వలసదారుల చెక్క పెట్టెలు వరుసగా ఉంటాయి. నీలం, ఎరుపు రంగుల లతలు వేసి మూత మీదో ముందు వైపో మనిషి పేరు, సంవత్సరం రాసి ఉంటాయి. అటువంటి పెట్టెల్లో గొడ్డలి మొన, ఉన్ని బట్టలతో పాటు కీర్తనల పుస్తకం, ప్రశ్నోత్తరి, పొంటొపిడాన్ వివరణ వచ్చాయి. తోలు అట్ట ఉన్న ఒక ప్రతిని చూపించమని అడగండి, 548వ ప్రశ్న పుస్తకం చివరి భాగంలో ఉంటుంది.